గుండె మాట వినబడనివ్వని గోల



ఐ.సి.యు. వరండాలో కూర్చున్న బంధువులు సిస్టర్లను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "సెల్‌ఫోను మంచం దగ్గర పెట్టొద్దంటారు. నా ఫోనుకూ మా నాన్న గుండెకూ ఏమిటమ్మా సంబంధం?" అడగవలసిన ప్రశ్నే. సంబంధం ఉంది గానీ చాలామంది అనుకునే సంబంధం కాదు. ఫోను గుండెను ఏమీ చేయదు. గుండె చెప్పేది విని మాకు చేరవేసే యంత్రం చెవిలో అది గోల చేయగలదు, అంతే. ఆ గోల ఎలా వస్తుంది, దాన్ని యంత్రాలు ఎలా తట్టుకుంటాయి, ఎక్కడ తట్టుకోలేవు అన్నది ఈ సంచికలో వివరంగా చెప్పాలని అనుకున్నాము. కొంచెం సైన్సు తప్పదు. ఓపికగా చదవండి.

ఒక మిల్లీవోల్టు

గుండె కొట్టుకున్న ప్రతిసారీ దానిలో పుట్టే విద్యుత్తు ఛాతీ చర్మం దాకా వచ్చేసరికి సుమారు ఒక మిల్లీవోల్టు మాత్రమే ఉంటుంది. అంటే వోల్టులో వెయ్యో వంతు. అదే గదిలో గోడ ప్లగ్గులో ఉన్నది 230 వోల్టులు. లెక్క వేస్తే రెండు లక్షల ముప్పై వేల రెట్లు. ఆ కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. తీగ తగలకపోయినా మన శరీరం దాన్ని కొంత పట్టుకుంటుంది. అందుకే ఇ.సి.జి. కాగితం మీద ఒక్కోసారి సన్నని రంపపు పళ్ళ లాంటి గీత కనబడుతుంది. చాలాసార్లు అది గుండె జబ్బు కాదు, గోడలోని కరెంటు.

ఇ.సి.జి. తీసేటప్పుడు కుడి కాలికి కూడా ఒక క్లిప్పు పెడతారు. ఆ క్లిప్పు గుండెను కొలవదు. శరీరం పట్టుకున్న కరెంటు గోలను యంత్రం గమనించి, దానికి సరిగ్గా ఎదురు సంకేతాన్ని ఆ కాలి ద్వారానే తిరిగి పంపి చాలావరకు అణచివేస్తుంది. "కాలికెందుకు పెడుతున్నారు, నొప్పి ఛాతీలో కదా" అని విసుక్కునే పెద్దలకు మా జవాబు ఇదే.

ఇలాంటి గోలకు ఇంజనీర్ల భాషలో ఒక పేరుంది: ఇరుకు పట్టీ జోక్యం. ఒకే ఒక్క స్వరం మీద గట్టిగా, ఆగకుండా మోగే గోల అన్నమాట. గుడిలో మైకు 'కూఁ' అని అరిచినప్పుడు ఆ ఒక్క స్వరమే అందరి చెవులనూ మూసేస్తుంది గదా, అటువంటిది.

గుడి మైకు అంటే మరొకటి జ్ఞాపకం వస్తుంది. వాక్యం చెబుతుండగా ఎవరి జేబులోనో ఉన్న ఫోనుకు కాల్ రాబోతోందంటే, అది మోగకముందే మైకు సెట్టులో 'దడదడదడ' అనే శబ్దం రావడం మీరంతా వినే ఉంటారు. 2జి జి.ఎస్.ఎం. ఫోను సంకేతాన్ని నిరంతరంగా పంపదు. సెకనుకు 217 సార్లు తుంపులు తుంపులుగా పంపుతుంది. ఆ తుంపులను యాంప్లిఫయరు తీగలు పట్టుకుని శబ్దంగా మార్చేస్తాయి. మైకు సెట్టుకు జరిగేది, ఒక మిల్లీవోల్టును వేల రెట్లు పెంచి చూపే యంత్రానికి జరగకూడదనే నియమం ఎక్కడా లేదు. ఇటీవలి 4జి ఫోన్లతో ఈ దడదడ బాగా తగ్గింది. పాత బటన్ ఫోన్లు మాత్రం ఇంకా మన మధ్య ఉన్నాయి.

డల్లాస్‌లో ఆ రోజు

గుండె ఆపరేషన్ అయినవారిని మంచానికే కట్టిపడేయకుండా కాస్త నడిపించాలి. అందుకని మెడలో చిన్న పెట్టె వేలాడదీస్తారు. అది గుండె గీతను రేడియో ద్వారా నర్సుల బల్ల దగ్గరి తెరకు పంపుతుంది. దీన్నే టెలిమెట్రీ అంటారు.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, డల్లాస్ నగరంలో, 1998 ఫిబ్రవరి నెలాఖరున, అక్కడి ఒక టీవీ కేంద్రం కొత్తగా వచ్చిన డిజిటల్ ప్రసారాన్ని పరీక్షించడం మొదలుపెట్టింది. తొమ్మిదో ఛానలు మీద. దగ్గరలోని బేలర్ ఆసుపత్రిలో టెలిమెట్రీ పెట్టెలు కూడా అదే ఛానలు ఖాళీ అనుకుని వాడుకుంటున్నాయి. ఒక్కసారిగా నర్సుల తెరల మీద గుండె గీతలు పోయాయి. కారణం తెలియగానే టీవీ కేంద్రం ప్రసారం ఆపివేసింది. ఎవరికీ హాని జరగలేదు. ఇందులో నేరం అని ఎవరిమీదా మోపడానికి లేదు. ఇద్దరూ తమకు అనుమతి ఉన్న పనే చేస్తున్నారు.

ఆ నెల తరువాత నెలలోనే అమెరికా ఆహార ఔషధ సంస్థ దేశమంతటి ఆసుపత్రులకు హెచ్చరిక పంపింది. 2000 సంవత్సరంలో వైద్య టెలిమెట్రీకి ప్రత్యేకంగా రేడియో తావులు కేటాయించారు. వాటిలో ఒకటి 608 నుండి 614 మెగాహెర్ట్జ్ వరకు, అంటే అమెరికా టీవీ లెక్కలో 37వ ఛానలు. ఆ ఛానలులో ఏ టీవీ కేంద్రమూ ఎందుకు లేదంటే, నక్షత్రాల నుండి వచ్చే బలహీనమైన రేడియో తరంగాలను వినే శాస్త్రజ్ఞుల కోసం దాన్ని ముందునుంచే నిశ్శబ్దంగా ఉంచారు. ఆకాశాన్ని వినడానికి దాచిన మౌనం గుండెలను వినడానికీ పనికివచ్చింది. మాకు ఇది ఎంతో నచ్చిన సంగతి.

అయితే ప్రతి పరికరానికీ ఇలా వేరే గది కట్టివ్వలేము. నేటి వైద్య పరికరాలలో చాలా భాగం బ్లూటూత్, వై-ఫై మీదే పనిచేస్తాయి. వేలికి తగిలించే ఆక్సిజన్ మీటర్లలో, షుగర్ మీటర్లలో కొన్ని కూడా అంతే. ఇవి ఎక్కువగా వాడేది 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ. అది ఊరి ఉమ్మడి చెరువు లాంటిది. మన దేశంలో 2005 నుండి తక్కువ శక్తి పరికరాలు లైసెన్సు లేకుండానే ఇందులో పనిచేయవచ్చు. వంటింటి మైక్రోవేవ్ ఓవెన్ కూడా దాదాపు 2.45 గిగాహెర్ట్జ్ మీదే అన్నం వేడి చేస్తుంది. మరి ఇంత రద్దీలో గుండె సంకేతం తప్పిపోకుండా ఎలా వస్తోంది?

పరిచి పంపడం

దానికి జవాబు, సంకేతాన్ని ఒకే చోట పోగుపెట్టకుండా వెడల్పుగా పరిచి పంపడం. ఇంగ్లీషులో స్ప్రెడ్ స్పెక్ట్రమ్ అంటారు. దీనిలో రెండు పద్ధతులున్నాయి.

మొదటిది గెంతుతూ పోవడం. దీని చరిత్ర విచిత్రమైనది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హాలీవుడ్ నటి హెడీ లామార్, సంగీతకర్త జార్జ్ ఆంథైల్ కలిసి ఒక ఆలోచన చేశారు. నీటిలో పోయే టార్పెడోను రేడియోతో నడిపితే శత్రువు అదే స్వరం మీద గోల చేసి చెడగొడతాడు. అలా కాకుండా పంపే యంత్రమూ అందుకునే యంత్రమూ ఒకే వరుసలో స్వరం మారుస్తూ పోతే? పియానోకు 88 మెట్లున్నట్టే వారి పథకంలోనూ 88 స్వరాలు. 1942 ఆగస్టు 11న పేటెంటు వచ్చింది. అమెరికా నౌకాదళం ఆ యుద్ధంలో దాన్ని వాడలేదు. కానీ నేటి మామూలు బ్లూటూత్ 79 తావుల మధ్య సెకనుకు 1600 సార్లు గెంతుతుంది. ఒక తావులో గోల ఉన్నా, అక్కడ ఉండేది సెకనులో పదహారు వందల వంతు మాత్రమే.

రెండో పద్ధతి కోడ్‌తో పరచడం. 2002 చివరలో మన ఊళ్ళకు వచ్చిన రిలయన్స్ సి.డి.ఎం.ఏ. ఫోన్లు చాలామందికి జ్ఞాపకం ఉంటాయి. ఆ ఫోన్లు ఇప్పుడు లేవు గానీ ఆ సూత్రం చెదరలేదు. ఒక ఉదాహరణ చెబుతాము. మీరు ఒక ఉత్తరం రాసి, దాన్ని సన్నని నిలువు పేలికలుగా కత్తిరించి, ఒక వరుస ప్రకారం తారుమారు చేసి అతికించారనుకోండి. ఆ వరుస మీకూ, అందుకునే మీ అక్కకూ మాత్రమే తెలుసు. దారిలో కాగితం మీద ఒక మూల సిరా ఒలికింది. అక్క ఆ పేలికలను విడదీసి అసలు వరుసలో పెడితే అక్షరాలు కుదురుకుంటాయి. సిరా మచ్చ మాత్రం ముక్కలై పేజీ అంతటా సన్నని గీతలుగా చెదిరిపోతుంది. ఏ ఒక్క మాటనూ అది పూర్తిగా మింగలేదు. పాత సి.డి.ఎం.ఏ. పద్ధతిలో, సెకనుకు 9600 బిట్ల మాటను పంపేటప్పుడు ఒక్కో బిట్టు వాటాకు 128 చిన్న ముక్కలు వచ్చేవి. అందుకునేటప్పుడు మాట పోగవుతుంది, గోల పరచుకుంటుంది.

అందుకునేవారి దగ్గర సరైన వరుస ఉండాలి, అంతే. అది లేనివారికి ఈ సంకేతం వట్టి గాలి రొదలాగే వినబడుతుంది. సండే స్కూలు పిల్లలకు గొర్రెలూ కాపరీ కథతో దీన్ని ఇట్టే చెప్పవచ్చు.

తాటిచెట్టూ, వరిచేనూ

పరిచి పంపితే చాలా గోల తనంతట తానే పలచబడుతుంది. కానీ సిరా ఒక చుక్క కాకుండా సీసా మొత్తం ఒలికితే? పేజీ అంతా బూడిదరంగు అవుతుంది, అక్షరాలు మునిగిపోతాయి. అలాంటప్పుడు పేలికలను సరిచేయకముందే మచ్చను తుడవాలి. దీని మీద ఇంజనీర్లు దశాబ్దాలుగా పనిచేస్తున్నారు.

ఒక దారి, వచ్చిన తరంగాన్నంతా స్వరాల వారీగా విడదీసి చూడడం. పరిచిన సంకేతం వరిచేనులా ఒకే ఎత్తున ఉంటుంది. ఇరుకు గోల దాని మధ్య తాటిచెట్టులా నిలబడి కనిపిస్తుంది. తాటిచెట్టును చేను ఎత్తుకు నరికేయడమే. చెట్టు మొదట్లో ఉన్న నాలుగు దుబ్బుల వరి కూడా పోతుంది. అయినా చేనంతా మిగిలింది గదా, పంట ఇంటికి వస్తుంది.

రెండో దారి మాకు మరీ ముచ్చటగా అనిపిస్తుంది. ఒకే స్వరం మీద ఆగకుండా మోగే గోలకు ఒక బలహీనత ఉంది: తరువాత ఏమి చేస్తుందో ముందే చెప్పేయవచ్చు. వార్డులో పాత ఫ్యాను 'కిర్రు కిర్రు' మంటుంటే పది నిమిషాల్లో మన చెవి దాన్ని మరచిపోతుంది. తరువాతి కిర్రు ఎప్పుడొస్తుందో తెలుసు గనుక. అదే గదిలో పసిబిడ్డ 'క్యా' మంటే తల్లి ఉలిక్కిపడి లేస్తుంది. యంత్రం కూడా ఇంతే చేస్తుంది. ఇప్పటివరకు విన్నదాన్ని బట్టి తరువాతి క్షణాన్ని ఊహిస్తుంది. ఊహకు అందిన భాగాన్ని తీసివేస్తుంది. గోల ఊహకు అందుతుంది, పరిచిన సంకేతం అందదు. మిగిలేది సంకేతమే. గోల స్వరం మారితే యంత్రం తన ఊహను కూడా మార్చుకుంటూ పోతుంది.

దీనికి దగ్గరి చుట్టం లాంటి పద్ధతిని అమెరికాలో బెర్నార్డ్ విడ్రో, ఆయన సహచరులు 1975లో ప్రచురించిన పరిశోధనా వ్యాసంలో వివరించారు. వారు చూపించిన ఉదాహరణలలో ఇ.సి.జి. నుండి గోడ కరెంటు గోలను తీసివేయడం ఒకటి. గోడ ప్లగ్గు నుండే గోల నమూనా తీసుకుని, ఎంత కావాలో అంతకు సరిచేసుకుని, ఇ.సి.జి. నుండి తీసివేశారు. ఇంకొకటి మన ప్రసూతి వార్డుకు దగ్గరది. గర్భిణి పొట్ట మీద పెట్టిన తీగలకు తల్లి గుండె గట్టిగా, బిడ్డ గుండె చాలా సన్నగా అందుతాయి. తల్లి ఛాతీ మీద విడిగా కొలిచి, దాన్ని పొట్ట సంకేతం నుండి తీసివేస్తే బిడ్డ గుండె బయటపడుతుంది. తల్లి గుండె చప్పుడును 'గోల' అనడానికి మనసొప్పదు గానీ లెక్క ప్రకారం అదే.

ఇక బ్లూటూత్ విషయంలో, 2003లో వచ్చిన మార్పు ప్రకారం ఏ తావుల్లో గోల ఉందో యంత్రం గుర్తుపెట్టుకుని, వాటిని తప్పించి మిగిలిన తావుల్లోనే గెంతుతుంది. దారిలో గుంట ఎక్కడుందో తెలిసిన ఆటోవాడు రోజూ పక్కనుండి పోయినట్టు. మైక్రోవేవ్ ఓవెన్ సంగతికొస్తే, ఇళ్ళల్లో మామూలుగా ఉండే రకం కరెంటు చక్రంలో సగం సేపే తరంగాలు పుట్టిస్తుంది. మన 50 సార్ల కరెంటుకు అది సుమారు 10 మిల్లీసెకన్లు గోల, 10 మిల్లీసెకన్లు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో వై-ఫై తన పని చూసుకోవచ్చు.

వడపోత ఎక్కువైనా ముప్పే

ఇంత తెలివి ఉన్నప్పుడు ఎక్కడ గోల కనబడితే అక్కడ గట్టిగా వడగట్టేస్తే పోలేదా అని అడగవచ్చు. పోదు. వడపోత గుండె గీతను కూడా కొంత కోస్తుంది. ఇ.సి.జి.లో నెమ్మదిగా మారే భాగాన్ని ఎక్కువ వడగడితే గుండెపోటును చూపే ఎస్.టి. భాగం ఆకారమే మారిపోవచ్చు. అందుకే డాక్టరుగారు రోగ నిర్ధారణకు తీసే ఇ.సి.జి.లో వడపోత తక్కువగా ఉంచి, దానికి బదులు మిమ్మల్ని కదలకుండా పడుకోమంటారు, చేతి గాజులూ గొలుసూ తీగలకు తగలకుండా జరపమంటారు, చార్జింగు పెట్టిన ఫోనును మంచం మీదనుండి తీయమంటారు. గోలను తరువాత వడగట్టడం కంటే పుట్టకుండా చూడటం మేలు.

గోలను గుండె జబ్బని పొరబడితే ఏమవుతుందో 1999లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక నివేదిక చెబుతుంది. అందులోని 12 మంది రోగులకు మానిటరు మీద కనిపించిన వికృతమైన గీతను ప్రమాదకరమైన గుండె దడగా భావించారు. నిజానికి అది యంత్రంలో కనబడిన దొంగ గీత. వారిలో ముగ్గురికి గుండెలోకి గొట్టం పంపే పరీక్ష చేశారు. ఒకరికి అవసరం లేని పేస్‌మేకరు కూడా అమర్చారు. అది ఫోను వలన కాదు. అయినా తెర మీది గీత పక్కన రోగి ముఖం కూడా చూడాలని మన సిస్టర్లకు పదే పదే చెప్పడానికి ఇదే కారణం.

ఫోను ఎంత దూరం?

భయం కూడా మితంగానే ఉండాలి. అమెరికాలోని మేయో క్లినిక్‌లో 75 రోగుల గదుల్లో 300 సార్లు సెల్‌ఫోన్లతో పరీక్షించి, మామూలుగా వాడినప్పుడు వైద్య పరికరాలకు ఏ ఇబ్బందీ కనబడలేదని 2007లో ప్రకటించారు. కానీ మరుసటి సంవత్సరం, 2008లో, నెదర్లాండ్స్‌లో వస్తువులను గుర్తించే ఆర్.ఎఫ్.ఐ.డి. చీటీల రీడర్లను ఐ.సి.యు. పరికరాల దగ్గర పరీక్షిస్తే, 123 పరీక్షల్లో 34 సార్లు అంతరాయం కలిగింది. వాటిలో 22 ప్రమాదకరమైనవి. అన్ని రేడియోలూ ఒకటి కావు, అన్ని యంత్రాలూ ఒకటి కావు. దూరం పెరిగేకొద్దీ గోల వేగంగా తగ్గిపోతుంది. కాబట్టి ఐ.సి.యు.లో ఫోను బయట పెట్టి రండి. మామూలు వార్డులో మాట్లాడుకోవచ్చు, కాని ఫోనును సిరంజి పంపు మీదా, మానిటరు మీదా పెట్టవద్దు. రోగి మెడలోని టెలిమెట్రీ పెట్టెను మీరే తీసి పక్కన పెట్టవద్దు. స్నానానికి తీయాలన్నా సిస్టరుకు చెప్పండి. తెర ఖాళీ అయితే గోల వల్లనో, పెట్టె తీసినందువల్లనో, గుండె వల్లనో మాకు దూరం నుండి తెలియదు.

సంఘ పెద్దలకు ఒక మనవి. ఆరాధనలో ఫోన్లు మోగుతున్నాయని జామరు కొని పెడదామన్న మాట అక్కడక్కడా వినబడుతోంది. దయచేసి ఆ పని చేయవద్దు. ప్రభుత్వ అనుమతి లేకుండా జామరు వాడటం మన దేశంలో చట్టవిరుద్ధం. గుడిలో ఎవరైనా కుప్పకూలితే 108కి ఫోను కలవదు. జామరు గోల గోడల దగ్గర ఆగదు కూడా. అంబులెన్సుకు దారి చూపే జి.పి.ఎస్. సంకేతం 20,000 కిలోమీటర్ల పైనుండి వచ్చేసరికి రిసీవరు సొంత రొదకన్నా బలహీనంగా ఉంటుంది. కోడ్‌తో పరిచి పంపారు కాబట్టే దొరుకుతోంది. అమెరికాలో ఒక డ్రైవరు తన యజమానికి బండి జాడ తెలియకూడదని చిన్న జి.పి.ఎస్. జామరు పెట్టుకుని తిరిగితే, న్యూవార్క్ విమానాశ్రయంలో విమానాలను దించే పరికరానికి అంతరాయం కలిగింది. 2013లో అతనికి 31,875 డాలర్ల జరిమానా వేశారు. గుడి ద్వారం దగ్గర ఇద్దరు యౌవనస్థులు నిలబడి "ఫోను సైలెంటులో పెట్టండి అమ్మా" అని నవ్వుతూ చెబితే సరిపోయే పనికి ఇంత ముప్పు ఎందుకు?

పేస్‌మేకరు ఉన్నవారికి

పేస్‌మేకరు కూడా గుండె మాట వింటూనే పనిచేస్తుంది. గుండె తనంతట కొట్టుకుంటే ఊరుకుంటుంది, ఆలస్యమైతే తట్టి లేపుతుంది. బయటి గోలను గుండె చప్పుడు అనుకుని ఊరుకుంటే కష్టం. అందుకని చాలా పేస్‌మేకర్లలో ఒక జాగ్రత్త ఉంది. ఏ గుండే కొట్టుకోలేనంత వేగంగా, ఆగకుండా ఒకే తీరున సంకేతం వస్తుంటే, ఇది గుండె కాదని అది తేల్చుకుంటుంది. వినడం మానేసి, గోల తగ్గేవరకు స్థిరమైన వేగంతో తానే కొడుతూ ఉంటుంది.

అయినా ఫోనును పేస్‌మేకరు ఉన్న చోటికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి. చొక్కా పై జేబులో పెట్టవద్దు. రెండో వైపు చెవితో మాట్లాడండి. 2020 నుండి వస్తున్న కొన్ని ఫోన్లలో, ఇయర్‌ఫోను డబ్బాల్లో గట్టి అయస్కాంతాలుంటున్నాయి. ఇవి పేస్‌మేకరు నడకను తాత్కాలికంగా మార్చగలవని 2021లో హెచ్చరికలు వచ్చాయి. దానికీ అదే 15 సెంటీమీటర్ల లెక్క. పెద్ద దుకాణాల ద్వారం దగ్గరి దొంగతనం పట్టే గేట్ల మధ్యనుండి మామూలుగా నడిచి వెళ్ళిపోండి, వాటికి ఆనుకుని నిలబడవద్దు. కళ్ళు తిరిగినా, గుండె దడగా అనిపించినా అక్కడినుండి పక్కకు జరగండి, తరువాత కార్డియాలజీ ఓ.పి.లో చూపించుకోండి. వచ్చేటప్పుడు పేస్‌మేకరు కార్డు తప్పక తెండి. దాని మీది మోడల్ నంబరు చూస్తేనే మీ యంత్రం ఏ గోలకు ఏమి చేస్తుందో డాక్టరుగారు చెప్పగలుగుతారు.